కొలత పాదం

4, సోమవారం

కొత్త బూట్లు వచ్చాయి. డబ్బా మూత తీయగానే తోలు వాసన గుప్పుమంది. ఎన్నేళ్లయినా ఆ వాసనకి నాకు ప్రాణం లేచొస్తుంది. ముదురు గోధుమ రంగు, మడమ దగ్గర ఎర్ర దారం, చీలమండ చుట్టూ మెత్తటి పట్టీ. వారం రోజుల సామాను వీపున మోసుకుంటూ కొండలెక్కే ఆడవాళ్ల కోసం మా కంపెనీ ఇన్నాళ్లూ చేసిన బూట్లన్నిట్లోకీ ఇదే అందమైనది. అందంతో నాకేం పని, నేను చూడాల్సింది నడక.

డిజైనరమ్మ డబ్బాని నా బల్ల మీద పెట్టి, ఇక అంతా మీ కాళ్ల దయ అక్కా, అంది. నవ్వుతూనే అంది గానీ లోపల బెదురుతోంది. రెండేళ్లు దీని మీదే కూర్చుంది పాపం. మా యజమాని పెద్దాయనకి మొదటి నుంచీ ఈ బూటంటే గిట్టదు. మగవాళ్ల బూటునే కాస్త కుదించి రంగు మారిస్తే పోయేదానికి ఇంత ఖర్చెందుకంటాడు. ఈసారి కుదరకపోతే ఆడవాళ్ల బూట్ల విభాగమే ఎత్తేస్తానన్నాడట. నెలాఖరులోగా నేను కొండ దారిలో నడిచొచ్చి 'పాస్' అని సంతకం పెడితేనే బూటు మిషన్ల మీదకి వెళ్తుంది.

బాగుంటే పెడతాను. బాగోకపోతే ఎవరు బెదిరినా పెట్టను. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఈ కంపెనీలో ప్రతి ఆడ బూటూ నా పాదం కొలతకే పుట్టింది. ఆరో నంబరు. మిగతా నంబర్లన్నీ నా ఆరునే పెంచీ తగ్గించీ చేస్తారు. ముందు గదిలో అద్దాల పెట్టెలో ఉన్న తెల్లటి ప్లాస్టర్ పాదం నాదే, నేను చేరిన ఏడాది పోత పోసింది. వచ్చినవాళ్లందరూ దానికి ఫొటో తీసుకుంటారు. పక్కనే పెద్దాయన పటం ఉంది, దానికి ఎవరూ తీసుకోరు.

మా ఫ్యాక్టరీలో బూటు కాలికి పట్టకపోతే ముందు తోలుని అనుమానిస్తారు. తర్వాత కుట్టుని, ఆ తర్వాత కుట్టినవాణ్ని. నా పాదాన్ని అనుమానించినవాడు ఇంతవరకూ లేడు.

5, మంగళవారం

పొద్దున్నుంచీ పరీక్షల గదిలోనే ఉన్నాను. బూటుని వంచే మిషను రాత్రంతా వంచి వంచి తనే వేడెక్కింది, బూటు మీద మాత్రం గీత పడలేదు. నీళ్ల తొట్టిలో ముంచి ఉంచితే లోపల పెట్టిన కాగితం పొడిగా బయటికొచ్చింది. అడుగుని పట్టకారుతో లాగి చూసే పని ఎవరికీ ఇవ్వను, మిషనుకి కూడా. నా భుజం పట్టేసింది గానీ అడుగు ఊడిరాలేదు. తడి రాయి మీద సబ్బు నీళ్లు పోసి నిలబెడితే జారలేదు. గట్టిదనానికి వంక పెట్టే వీలే లేదు. పదేళ్లు తొడిగినా చెక్కుచెదరదు.

సాయంత్రం తొడుక్కుని చూశాను. బొటనవేలి పక్కన కాస్త పట్టేసింది. కొత్త తోలు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఇంటికొచ్చేసరికి నా చెప్పులు ఎక్కడున్నాయో కనిపించలేదు. మా ఆయనవి వేసుకుని కూరగాయలకి వెళ్లొచ్చాను.

7, గురువారం

సంచిలో ఇసుక నింపుకుని, వీపున వేసుకుని, ఫ్యాక్టరీ మెట్లు కింది నుంచి పైదాకా ఎక్కీ దిగీ చూశాను. ఎక్కేటప్పుడు హాయిగా ఉంది. దిగేటప్పుడు బొటనవేలి పక్కన నిప్పు పెట్టినట్టుంది. అక్కడ లోపలి కుట్టు లావుగా ఉందని కుట్టు మేస్త్రీతో చెప్పాను. అక్కడ కుట్టే లేదని ఆయన ఒట్టేశాడు. ఆయన ఒట్లు నాకు తెలుసు, ఇంకో నమూనా జతలో ఒక బూటు అడ్డంగా కోయించాను.

కుట్టు లేదు. సరే, జిగురు గడ్డకట్టి ఉంటుందనుకుని వేలితో తడిమాను. అదీ లేదు.

అయితే ఇక ఒకటే కారణం. కొత్త అచ్చు. కాలి ఆకారంలో అచ్చు చెక్కి, దాని మీద తోలు బిగించి కదా బూటు కుట్టేది. ఇన్నాళ్లూ ఆ అచ్చులు చేత్తో చెక్కిన అచ్చుల బాబాయి మొన్న చలికాలంలో రిటైరైపోయాడు. ఇప్పుడు కంప్యూటరు చెబుతుంది, మిషను కోస్తుంది. చేతికీ మిషనుకీ తేడా ఉండదా? నేను ముందే చెప్పాను.

చెప్పలేదు. అనుకున్నాను.

8, శుక్రవారం

సాక్సులు మార్చి చూశాను. సాక్సుల తప్పు లేదు.

10, ఆదివారం

మా ఆయన దుకాణంలో పొద్దున్నే గొడవ. టైలరు పెళ్లాన్ని కాబట్టి గొడవలకి అలవాటు పడ్డాను, టీ ఇవ్వడానికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఎవరో పాత ఖాతాదారు, పోయినసారి కొలతలే పెట్టి కుట్టేయమంటోంది. మా ఆయన టేపు మెళ్లోంచి తీసి, ఒక్క నిమిషం నిలబడండమ్మా, అంటాడు. ఆవిడ ససేమిరా అంటుంది. నేనేం మారలేదు, మీరే కొలవడం మానేయండి, అని ఆవిడ. చివరికి కొలిపించుకుని మూతి ముడుచుకుని వెళ్లింది. పాత కొలతలతో కుట్టమనేవాళ్లే తర్వాత బిగుతైందని పోట్లాటకొస్తారని మా ఆయన టేపు చుట్టుకుంటూ అన్నాడు. అది నా వైపు చూస్తూ ఎందుకన్నాడో తెలియదు. టీ చల్లారిపోతోందన్నాను.

సాయంత్రం మళ్లీ చెప్పుల గొడవ. తన చెప్పులు తన కాళ్లకి దొరికి ఎన్ని నెలలైందో గుర్తుందా అని అడిగాడు. నావి వానకి తడిసి కుంచించుకుపోయాయని చెప్పాను. రబ్బరు కుంచించుకుపోదట. ఇప్పటి రబ్బరు నాణ్యత సంగతి ఈయనకేం తెలుసు, ఈయన గుడ్డలు కుట్టేవాడు.

రేపు కొండకి ప్రయాణం.

11, సోమవారం. కొండ కింద బస

నాతో ఇంకొకరిని పంపారు. పరీక్షల గదిలో కొత్తగా చేరిన పిల్ల. ఆ పిల్లదీ ఆరో నంబరే. ఒకే నంబరు ఇద్దరు నడిస్తే లెక్క గట్టిగా ఉంటుందని డిజైనరమ్మ అంది. ఇన్నేళ్లూ నేనొక్కదాన్ని నడిస్తే లెక్క గట్టిగా లేదు కాబోలు.

పిల్ల పాదం తెల్లగా, సన్నగా, చెక్కినట్టుంది. మనసులో చిట్టిపాదం అని పేరు పెట్టుకున్నాను. నన్ను ఆంటీ అంటోంది. డిజైనరమ్మ అంతటిదే అక్కా అంటుంటే దీనికి ఆంటీనయ్యాను. ఇంకోసారి అంటే చెబుదామనుకున్నాను గానీ అది ఇంకోసారి అంటూనే నా సీసాలో నీళ్లు నింపి పెట్టింది. ఊరుకున్నాను.

12, మంగళవారం. పై బస

ఎక్కడంలో ఈ బూటుకి సాటి లేదు. మడమ కదలదు. రాళ్ల మీద అడుగు అంటుకున్నట్టు నిలబడుతుంది. దారిలో ఒక వాగు దాటాం, చీలమండ దాకా నీళ్లు, లోపల చుక్క చేరలేదు. వీపున బరువుతో వంకర రాయి మీద కాలు పడితే మామూలు బూటులో చీలమండ మెలిక పడేది, ఇందులో నిలబడింది. డిజైనరమ్మని నాలుగు మంచి మాటలు అనకుండా ఉండలేను.

చిట్టిపాదం మధ్యాహ్నం విశ్రాంతిలో ఒక మాట చెప్పింది. మా కంపెనీ పాత బూట్లలో దానికి మడమ లేచిపోయేదట. రెండు సాక్సులు తొడిగి, ముందు దూది కూరుకుని నడిచేదట. తన నంబరుకి సరిగ్గా పట్టిన కొండ బూటు ఇదే మొదటిదట. పాత బూట్లలో మడమ లేవడమేమిటి? అవి నా కాలికి అచ్చు గుద్దినట్టు ఉండేవి. పిల్లకి లేసులు కట్టుకోవడం రాదని తేల్చుకున్నాను.

13, బుధవారం. మధ్య బస

దిగాం.

లేసులు విప్పి కట్టాను. మళ్లీ విప్పి వేరేలా కట్టాను. పక్కకి తిరిగి దిగాను. వెనక్కి తిరిగి కూడా దిగాను, చిట్టిపాదం చూడనప్పుడు. వేళ్లన్నీ ముందుకొచ్చి గోడకి గుద్దుకున్నట్టు గుద్దుకుంటున్నాయి. పంటి బిగువున సగం దారి వచ్చాను. ఆ తర్వాత పిల్ల నా సంచిలోంచి గుడారం తీసి తన సంచికి కట్టుకుంది. నేను మోయలేక ఇవ్వలేదు, పిల్ల మరీ బతిమాలితే ఇచ్చాను.

సాయంత్రం బూటు విప్పితే రెండు గోళ్లు నల్లబడి ఉన్నాయి. బూటు వైపు చూశాను. ఒక్క గీత లేదు, దారం పోగు లేవలేదు, పొద్దున డబ్బాలోంచి తీసినట్టుంది. దాన్ని చూస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

14, గురువారం

నడిచాను. అంతకన్నా రాయడానికి లేదు.

15, శుక్రవారం

ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాను. కారణం: అచ్చు తప్పు.

డిజైనరమ్మ అది రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను ముందు గదికి తీసుకెళ్లింది. అద్దాల పెట్టె తాళం తీసి నా ప్లాస్టర్ పాదాన్ని బయటికి తీసింది. దాన్నీ కొత్త అచ్చునీ పక్కపక్కన పెట్టింది. కొత్త అచ్చు కోయడానికి ముందు కంప్యూటరుకి చూపించింది ఈ పాదాన్నేనట.

"అక్కా, ఇది మీ పాదమే. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు ఎక్కడుందో చెప్పండి, దిద్దుకుంటాను. అచ్చు తప్పని మాత్రం రాయకండి."

నేను ఒంటికాలి మీద లేచాను. రెండో కాలు మోపలేకపోతున్నాను కాబట్టి నిజంగానే ఒంటికాలి మీద. నా పాదం సంగతి నాకు తెలియదా అన్నాను. ఇన్నేళ్లూ బాబాయి అచ్చుల్లో లేని నొప్పి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందన్నాను. బూటుకి ప్రాణం లేదు కాబట్టి నా మాట వినాలన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆ అమ్మాయి పాదాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. సోమవారం సమావేశం, అప్పటిదాకా కాగితం పెద్దాయనకి పంపను, అంది. పంపితే విభాగం మూతబడుతుందని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

బాబాయినే అడుగుతాను. ఆయన అచ్చుకీ దీనికీ తేడా ఆయన వేలితో చూపిస్తే అందరి నోళ్లూ మూతపడతాయి.

16, శనివారం

బాబాయి ఇంటికి వెళ్లొచ్చాను. ఇది రాయాలా వద్దా అని సాయంత్రం నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను. రాస్తాను. ఇది నాకోసమే కదా.

బాబాయి వరండాలో కూర్చుని ఉన్నాడు. చేతులు ఊరికే ఉండలేక ఒక కర్ర ముక్కని చెక్కుతున్నాడు, ఏం చేస్తున్నావంటే ఏమీ లేదు, అన్నాడు. నేను కుంటుతూ మెట్లెక్కడం చూసి ముందు నా కాళ్ల వైపే చూశాడు. మొహం తర్వాత చూశాడు. కొత్త బూటు చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. లోపల చెయ్యి పెట్టి తడిమి, బాగా కోశారమ్మాయ్, తప్పు లేదు, అన్నాడు.

తప్పు లేకపోతే నా గోళ్లు ఎందుకు నల్లబడ్డాయని అడిగాను.

ఆయన లేచి లోపలికి వెళ్లి, పాత గుడ్డలో చుట్టిన పాత అచ్చు తెచ్చాడు. రిటైరయ్యేటప్పుడు కంపెనీని ఆయన అడిగి తెచ్చుకున్నది ఇదొక్కటే. దీని మీదే ఇన్నేళ్లూ నా ఆరో నంబరు బూట్లు కుట్టింది. కొత్త అచ్చులు వచ్చే దాకా దీనికి నకళ్లు తీసి మిగతా అచ్చులు చేసేవారు. నేను దాన్ని బూటు లోపల తప్ప ఎప్పుడూ చూడలేదు. గుడ్డ విప్పి నా ఒళ్లో పెట్టాడు.

లోపల కర్ర. కర్ర మీద ముందువైపంతా తోలు ముక్కలు. ఒకటి గోధుమ రంగు, దాని మీద నల్లది, దాని పక్కన ఒక ఏడాది మేం వాడిన పసుపు తోలు. అంచులు పలచగా చెక్కి, ఒకదాని మీద ఒకటి అతికించి, నున్నగా రుద్దినవి. బొటనవేలి పక్కన అన్నిటికన్నా మందం. బుడిపెలా ఉంది. నేను బొటనవేలితో దాన్ని తడిమాను. రోజూ స్నానంలో సబ్బు రాసే బుడిపె. గుండ్రం అదే, పైన కొంచెం పక్కకి వాలడం అదే. నా కాలిని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇదేంటి బాబాయ్?"

"నీ కాలే అమ్మాయ్. తోలు గట్టిగా ఉందన్నావు చూడు, ఆ ఏడాది ఇది అతికించాను. కుట్టు తగులుతోందన్నప్పుడు ఈ నల్లది. జిగురు గడ్డకట్టిందన్నప్పుడు ఇది."

నేను ఫిర్యాదు చేసిన ప్రతిసారీ కుట్టు మేస్త్రీ తిట్లు తిన్నాడు, జిగురు డబ్బాలు మారాయి, బాబాయి మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒక ముక్క అతికించాడు. తర్వాతి బూటు నేను తొడుక్కుని, చూశారా, చెబితే గానీ సరిచేయరు, అని ఫ్యాక్టరీ అంతా తిరిగేదాన్ని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

"నా కాలు మారిందని నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేదాన్నే అన్నాను. బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపకపోతే ఏమైందోనని పిన్ని వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. బరువు మోస్తూ ఇన్నేళ్లు కొండలు తిరిగితే ఎవరి కాలైనా పరుచుకుంటుందట, వయసుకి ఇంకాస్త సాగుతుందట. చెప్పి ఉంటే కంపెనీ వేరే కాలిని తెచ్చుకునేది. కొత్త కాలి మాట నేర్చుకునే ఓపిక ఆయనకి లేకపోయింది. నువ్వు తోలు అంటే నాకు ఎక్కడో అర్థమయ్యేది, అన్నాడు. నా మీద ప్రేమ కొంత, తన పని తేలికవడం కొంత. ఎందుకో ఆ రెండోది కూడా చెప్పినందుకు కోపం సగం పోయింది.

వచ్చేటప్పుడు అచ్చు నా సంచిలో పెట్టాడు. నా చేతి అచ్చే మేలని చెప్పు, పాతదే పెట్టించు, ముక్కల మీద పలచగా పూత పూసిస్తాను, ఎవరికీ తెలియదు, అన్నాడు.

17, ఆదివారం

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను, కాలు కాలినంత పనే అయింది కాబట్టి తప్పు లేదు.

బాబాయి చెప్పినట్టు చేస్తే అంతా సర్దుకుంటుంది. పాత అచ్చు పెడతారు, నొప్పి పోతుంది, నేను పాస్ రాస్తాను, విభాగం నిలబడుతుంది, అద్దాల పెట్టెలో పాదం నాదిగానే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు.

చిట్టిపాదం మడమకి తప్ప. దాని దూదికి తప్ప. ఆ పిల్ల చెప్పింది నిజమే, లేసులు కట్టుకోవడం దానికి బాగానే వచ్చు. ఆరని రాసి ఏడున్నరో ఎనిమిదో అమ్మాం. నాలాంటి వాళ్లకి పట్టింది, దానిలాంటి వాళ్లు దూది కూరుకున్నారు. ఇప్పుడు కొత్త అచ్చుతో అయితే దానికి పడుతుంది, నాలాంటి వాళ్ల గోళ్లు రాలతాయి.

మధ్యాహ్నం మంచం మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. పెట్టెలో ఉన్న పాదం ఎప్పుడో నాది కాకుండా పోయింది, నాకే తెలియలేదు. అంత గొప్పగా చెప్పుకున్నాను. మా ఆయన దుకాణంలోంచి ఏదో కావాలని లోపలికొచ్చి, నన్ను చూసి, వచ్చిన పని మర్చిపోయాడు. గుమ్మం దాకా వెళ్లి తన చెప్పులు తెచ్చి నా మంచం పక్కన పెట్టి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

18, సోమవారం

సమావేశంలో నలుగురమే. డిజైనరమ్మ, కుట్టు మేస్త్రీ, చిట్టిపాదం, నేను. బల్ల మీద నా ఫెయిల్ కాగితం ఉంది.

నేను సంచిలోంచి పాత అచ్చు తీసి కాగితం మీద పెట్టాను. ఏ ముక్క ఏ ఫిర్యాదుదో చెప్పాను. కుట్టు మేస్త్రీ తన తిట్లు ఏ ముక్కలో ఉన్నాయో వెతుక్కున్నాడు. దొరికాక, ఇది నాదమ్మా, అని నల్ల ముక్క మీద వేలు పెట్టి చూపించాడు. క్షమించమన్నాను. ఆయన ఒట్టేసి క్షమించానన్నాడు.

తర్వాత పాదం పెట్టి నంబరు చూసే కొలత పలక తెప్పించాను. సాక్సు తీసి పాదం దాని మీద పెట్టాను. ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ పలక మీద ఊళ్లో వాళ్ల కాళ్లన్నీ పెట్టించాను గానీ నాది పెట్టలేదు, పెట్టమని నన్ను అడిగినవాళ్లూ లేరు. పలక చల్లగా ఉంది. చిట్టిపాదం వంగి చదివింది, చదివి ఆగిపోయింది.

"గట్టిగా చెప్పవే."

"ఏడున్నర, ఆంటీ."

ఆ క్షణంలో నేను కొలత పాదాన్ని కాకుండా పోయానని నాకు తెలుసు. భయపడినంత బాధ కలగలేదు. బిగుతైన బూటు విప్పినట్టే ఉంది.

డిజైనరమ్మ మెల్లగా, అయితే ఈ బూటు పాసా ఫెయిలా అక్కా, అని అడిగింది.

"బూటు పాసే. ఇంత గట్టి బూటు నేను తొడగలేదు. కానీ ఒక్కత్తి కాలు పట్టుకుని అందరికీ కుట్టకండమ్మా. నాది పట్టుకోవద్దు, ఈ పిల్లది పట్టుకోవద్దు. కొనేవాళ్లవి కొలవండి."

డిజైనరమ్మ పలకని తన వైపు లాక్కుంది. తర్వాత తన బూట్లు విప్పింది. కాలేజీ రోజుల నుంచీ ఆరే తొడుగుతున్నానంటూ పాదం పెట్టింది. ఏడు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఎప్పుడూ కొలవలేదట. నేను నవ్వాను, అది చూసి తను నవ్వింది, ఆ తర్వాత ఇద్దరం ఆపుకోలేకపోయాం.

ఈ నవ్వులు విని కుట్టు విభాగం ఆడవాళ్లొచ్చారు. ఆ తర్వాత క్యాంటీన్ వాళ్లు, ఊడ్చే ఆవిడ, ఆఫీసు వాళ్లు. సాయంత్రం దాకా పలక ముందు వరస తగ్గలేదు. తొడుగుతున్న నంబరూ కాలి నంబరూ ఒకటే ఉన్నవాళ్లు చిట్టిపాదం, ఇంకో ఇద్దరు. మిగతా అందరం ఎప్పటివో కొలతల్లో కాళ్లు కుక్కుకుని తిరుగుతున్నాం. లెక్కల విభాగం ఆవిడ పలకే తప్పని వాదించింది. తోలుని, కుట్టుని, జిగురుని అనుమానించాకే పలక దాకా రావాలని చెప్పి, ఆవిడకి మూడుసార్లు కొలిచాను.

21, గురువారం

పెద్దాయన ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పుకున్నాడో రాయకపోతే పాపం తగులుతుంది.

డిజైనరమ్మ మళ్లీ కొలిచి అచ్చులు చేయడానికి గడువు అడుగుదామని ఆయన ఇంటికి వెళుతూ కొలత పలక కూడా పట్టుకెళ్లింది. కుదించిన మగ బూటు చాలంటూ ఆయన పాత పాట అందుకోగానే, ఈ అమ్మాయి పక్కనే ఉన్న ఆయన భార్యని పాదం పెట్టమంది. ఆవిడ పెట్టింది. మూడు నంబర్ల తేడా. పెళ్లయిన దగ్గర్నుంచీ మీ కంపెనీ బూట్లే తొడిగి నా వేళ్లు వంకరపోయాయి, కాళ్లు సుకుమారం అని నన్నే అన్నారు, అని ఆవిడ అందుకుందట. ఆ తర్వాత పెద్దాయన మాట్లాడే వంతు రాలేదట. తర్వాతి సీజను దాకా గడువిచ్చాడు. ఒకే నంబరులో సన్న పాదానికి ఒకటి, వెడల్పు పాదానికి ఒకటి, రెండు అచ్చులు. బజార్లో కూర్చుని ఆడవాళ్ల కాళ్లు కొలవడానికి నన్నూ చిట్టిపాదాన్నీ పంపుతున్నారు, చెరో కొలత పలక ఇచ్చారు.

బాబాయిని వెడల్పు అచ్చు చూడటానికి పిలిపించారు. పిలవకముందే స్నానం చేసి కూర్చున్నాడని పిన్ని చెప్పింది.

తర్వాతి నెల 6, శనివారం

వెడల్పు అచ్చు మీద కుట్టిన మొదటి జత వచ్చింది. ఏడున్నర. రేపు కొండకి. మళ్లీ అదే దారి, అదే దిగుడు, చిట్టిపాదం సన్న జతతో వస్తుంది. నా నల్ల గోళ్లు రాలిపోయి కొత్తవి వస్తున్నాయి. దిగేటప్పుడు గుడారం నా సంచిలోనే ఉంటుందని దానికి ముందే చెప్పాను. చూద్దాం ఆంటీ, అంది.

అద్దాల పెట్టెలో ఇప్పుడు బాబాయి పాత అచ్చు ఉంది, ముక్కలన్నీ కనిపించేలా. ప్లాస్టర్ పాదాన్ని నాకు ఇచ్చేశారు. ఇంటికి తెస్తే మా ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, బరువు బాగుంది, అన్నాడు. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా దాని మీద పెడుతున్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లు ఎవరి కాలని అడిగితే, మా ఆవిడ చిన్నప్పటిది, అంటున్నాడట.

సాయంత్రం చెప్పులు కొనుక్కోవడానికి వెళ్లాను. దుకాణం అతను నన్ను చూడగానే అడక్కుండా ఆరు తీశాడు. కొలిచి ఇవ్వు బాబూ, అన్నాను. మీకు కొలవడమేంటండీ, అందరికీ కొలత మీదే కదా, అన్నాడు. అది పోయిన నెల మాట అని చెప్పి పాదం ముందుకి పెట్టాను.

గుమ్మం దగ్గర నా కొత్త చెప్పులు పెట్టి, పక్కన ఆయనవి కడిగి పెట్టాను. ఆయన బయటికి వచ్చి అలవాటుగా నా కాళ్ల వైపు చూసి, తర్వాత కిందికి చూసి, ఈ ఏడాది వానలు పడలేదా, అన్నాడు. ఇన్నాళ్లకి తన చెప్పులు తనకి దొరికాయని సంబరంగా కాళ్లు దూర్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. కిందికీ పైకీ చూశాడు.

"ఇవేంటి, బిగుతుగా ఉన్నాయి? నువ్వు కడిగినప్పుడు కుంచించుకుపోయినట్టున్నాయి."

"రబ్బరు కుంచించుకుపోదండీ," అన్నాను.

లోపలికెళ్లి కొలత పలక తెచ్చాను.